ప్రకృతి కలత – వ్యాధుల వ్యాప్తి

వానకాలము ప్రవేశింపగనే మన యిండ్లలోని పెద్దలు పిల్లలను కొన్ని విషయములలో హెచ్చరించుచుందురు. నీరు కాచి త్రాగుమందురు. సంధ్యవేళ తలుపులు మూయుమందురు. పెరటి గుంటలలో నీరు నిలువనీయవద్దందురు. వేసవి యందు వడదెబ్బయు, తొలకరి యందు వాంతులు విరేచనములును, వానలు వెనుకపట్టిన పిమ్మట చలిజ్వరమును జనులను బాధించుట వారు ఏటేట చూచినదే. ఋతువు మారిన రోగమును మారునని వారికి అనుభవము నేర్పినది. కాని ఋతువునకును రోగమునకును గల సంబంధ మెట్టిదో, రోగము ఏ త్రోవను నడచి మన యింటికి వచ్చుచున్నదో తెలిసికొనుటకు మానవునకు వేలకొలది సంవత్సరములు పట్టినది.

నేడు ఈ విషయము మునుపటికంటె మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన, ఋతువులే తమ నడకను మార్చుకొనుచున్నవి. గత రెండు శతాబ్దములుగా మానవుడు బొగ్గును, రాతినూనెను మండించి యంత్రములను నడుపుచున్నాడు, అడవులను నరకివేయుచున్నాడు. ఆ కారణమున, పూర్వము గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా నుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లను మించినది. ఈ వాయువు భూమినుండి వెలువడు వేడిమిని పోనీయక కంబళివలె కప్పియుంచును. అందుచేత భూగోళపు సగటు ఉష్ణోగ్రత పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము నాటికంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినది. 2024వ సంవత్సరమున ఆ పెరుగుదల ఒకటిన్నర డిగ్రీలను కూడ దాటినది.

"ఒకటిన్నర డిగ్రీలే గదా! ఉదయమునకును మధ్యాహ్నమునకును నడుమ అంతకు ఎన్నియో రెట్లు భేదముండును. దీనికి భయపడనేల?" అని మీకు తోచవచ్చును. మన దేహమునకు ఆ భేదము స్వల్పమే. మన శరీరము తన లోపలి వేడిమిని తానే సరిచేసికొనగలదు. దోమకు ఆ శక్తి లేదు. వెలుపలి గాలి ఎంత వేడిగా నున్నదో దోమ కడుపును అంతే వేడిగా నుండును. ఆ కడుపులో జరుగు వ్యవహారము మీద కోట్లకొలది మనుష్యుల ఆరోగ్యము ఆధారపడి యున్నది. ఈ రహస్యమును మొదట కనుగొన్నది మన సికిందరాబాదులోనే యని తెలిసినప్పుడు మీకు సంతోషము కలుగక మానదు.

సికిందరాబాదులో ఒక దోమ

చలిజ్వరమునకు మలేరియా యని పేరు. ఇటలీ భాషలో ఈ మాటకు 'చెడ్డ గాలి' యని యర్థము. బురదనేలల నుండి లేచు విషవాయువే ఈ జ్వరమునకు కారణమని పూర్వులు తలంచిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆల్జీరియాలో ఒక రోగి రక్తమున ఈ వ్యాధిని కలిగించు పరాన్నజీవిని చూచెను. కాని అది ఒకరినుండి మరొకరికి ఎట్లు చేరుచున్నదో ఎవ్వరికిని తెలియలేదు.

రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు 1857లో ఆల్మోరాలో జన్మించెను. దోమయే దీనికి వాహనమై యుండవచ్చునని పాట్రిక్ మాన్‌సన్ అను పండితుడు అతనికి సూచించెను. రాస్ వందలకొలది దోమలను పట్టి, చీల్చి, సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఫలితము శూన్యము. అతడు పరీక్షించిన దోమలు మలేరియాను మోయు జాతివి కాకపోవుటయే దానికి కారణము.

1897వ సంవత్సరము ఆగస్టు మాసమున రాస్ సికిందరాబాదు చెంత బేగంపేటలో పనిచేయుచుండెను. గాలి చలనము లేక ఉక్కగా నుండెను. పంకా వీచినచో దోమల సన్నని భాగములు ఎగిరిపోవునని దానిని ఆపించి అతడు పనిచేసెను. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. చూచుటకు మిగిలిన ఒక్క కంటి అద్దమును బీటవారెను. అట్టి స్థితిలో రెక్కలపై మచ్చలు గల మరొకజాతి దోమలు కొన్ని అతనికి లభించెను. హుసేన్ ఖాన్ అను చలిజ్వర రోగి, కాటునకు ఒక అణా చొప్పున తీసికొని, ఆ దోమలచేత కుట్టించుకొనెను. ఆగస్టు 20వ తేదీన రాస్ అట్టి దోమ నొకదానిని కోసి చూడగా, దాని జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడెను. అవి మలేరియా పరాన్నజీవులే! మరుసటి యేడు అతడు కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, ఆ జీవులు దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతోపాటు మరొక ప్రాణిలో ప్రవేశించునని నిరూపించెను. 1902లో అతనికి నోబెల్ బహుమానము లభించినది. బేగంపేటలో అతడు పనిచేసిన భవనము నేటికిని నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు.

కీర్తి పొందిన వైద్యునితోపాటు, జ్వరముతో బాధపడుచు దోమలకు చేయి నొసగిన హుసేన్ ఖానును కూడ మనము స్మరింపవలెను. అతడు లేనిదే ఆ దినమున ఆ సత్యము వెల్లడి కాకపోయెడిది.

దోమకును పరాన్నజీవికిని పందెము

ఇక ఉష్ణోగ్రత విషయము విచారింతము. దోమలలో ఆడుది మాత్రమే గ్రుడ్లు పెట్టుటకై రక్తము త్రాగును. రోగిని కుట్టినంతమాత్రమున అది వెంటనే ఇతరులకు వ్యాధి నంటింపజాలదు. పరాన్నజీవి దాని కడుపులో పెరిగి, పక్వమై, లాలాజల గ్రంథులకు చేరవలెను. తీవ్రమైన మలేరియాను కలిగించు జాతికి ఈ పని 20 డిగ్రీల వేడిమిలో ఇంచుమించు నాలుగు వారములు పట్టును. 25 డిగ్రీలలోనైనచో సుమారు పండ్రెండు దినములు చాలును. 16 డిగ్రీలకు తక్కువైనచో అది పెరుగనే పెరుగదు.

దోమ ఆయువో స్వల్పము. పెక్కుదోమలు కొలది దినములలోనే చచ్చును. కొన్ని మాత్రమే మూడు నాలుగు వారములు బ్రదుకును. కావున ఇది ఒక పందెము వంటిది. దోమ ముందుగా చచ్చునా, పరాన్నజీవి ముందుగా పక్వమగునా? చల్లని ప్రదేశమున దోమయే ముందుగా చచ్చును, మనుష్యులు బ్రదికిపోవుదురు. వేడిమి కొంచెము పెరిగిన చోట పరాన్నజీవి గెలుచును. రెండు మూడు డిగ్రీల భేదమే ఒక కొండగ్రామమున చలిజ్వరము లేకుండుటకును, ఉండుటకును హేతువగుచున్నది.

ఇది ఊహ మాత్రమే కాదు. ఆఫ్రికాలోని ఇథియోపియా దేశపు ఎత్తైన ప్రదేశములలోను, దక్షిణ అమెరికాలోని కొలంబియా కొండలలోను అనేక సంవత్సరముల మలేరియా లెక్కలను శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతతో సరిపోల్చి 2014లో ప్రకటించిరి. వేడి ఎక్కువగా నున్న యేడు వ్యాధి కొండపైకి ఎక్కుచున్నట్లును, చల్లగా నున్న యేడు దిగివచ్చుచున్నట్లును ఆ లెక్కలవలన తేలినది. కొండమీద నివసించువారు చలిజ్వరమును ఎరుగనివారగుటచే, వారి దేహములకు దానిని తట్టుకొను అలవాటు లేదు. అందుచేత అట్టిచోట వ్యాధి ప్రవేశించినచో ప్రాణనష్టము ఎక్కువగును.

అయితే వేడిమి పెరిగినచో అన్నిచోట్లను అన్ని వ్యాధులును పెరుగునని అనుకొనరాదు. మితిమీరిన ఎండలో దోమలును మాడి చచ్చును. కుంభవృష్టి కురిసినచో వాగులలోని దోమపిల్లలు కొట్టుకొనిపోవును. వాన వెలిసి, నీరు గుంటలలో నిలిచినప్పుడే అవి వృద్ధిపొందును. కావున వాతావరణము మారినప్పుడు వ్యాధులు తమ తావులను, తమ కాలములను మార్చుకొనును. అలవాటులేని చోటికి అలవాటులేని వేళ వ్యాధి వచ్చుటయే ఇందలి అపాయము.

డెంగూ జ్వరమును వ్యాపింపజేయు దోమ మరొక జాతిది. దాని కాళ్లపై తెల్లని చారలుండును. అది పగటివేళ కుట్టును. మురికినీటి కంటె మన యిండ్లలోని గాబులు, తొట్లు, పూలకుండీల క్రింది పళ్లెములు, పారవేసిన కొబ్బరిచిప్పలు, పాత టైర్లు దానికి ప్రియమైన తావులు. దాని గ్రుడ్లు తొట్టిగోడకు అంటుకొని, నీరు ఎండిపోయినను నెలల తరబడి చావక, మరల నీరు తగిలినప్పుడు పొదుగబడును. కావున వాన కురిసినను ఈ దోమకు లాభమే. కరవు వచ్చి జనులు నీటిని పాత్రలలో దాచుకొన్నను లాభమే. హిమాలయ పర్వతముల నానుకొనియున్న నేపాళ దేశమున డెంగూ జ్వరము మొట్టమొదట 2004లో గుర్తింపబడినది. 2022లో అచ్చట యాబదివేలమందికి పైగా దాని వాతబడిరి. ఎత్తైన ఖాట్మండు లోయయు దానికి లోబడినది. వేడిమితోపాటు పట్టణములు క్రమములేక పెరుగుటయు, ప్రయాణములు హెచ్చుటయు దీనికి తోడ్పడినవి.

క్యాసనూరు అడవి

వాతావరణము మాత్రమే కాక, అడవుల వినాశమును వ్యాధులకు త్రోవ చూపును. దీనికి మన పొరుగున నున్న కర్ణాటకమే సాక్ష్యము.

1957లో, నాటి మైసూరు రాష్ట్రమున, షిమోగా జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులును కొండముచ్చులును కుప్పకూలి చచ్చుచుండెను. కొలది దినములలోనే చుట్టుపట్ల గ్రామములవారికి తీవ్రజ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు ప్రారంభమాయెను. కొందరికి ముక్కునుండియు చిగుళ్లనుండియు రక్తము కారెను. ఆఫ్రికాలో కోతులను చంపు పచ్చజ్వరము మన దేశమునకు వచ్చెనేమో యని వైద్యులు కలవరపడిరి. పూనాలోని వైరసు పరిశోధన కేంద్రమువారు వచ్చి, చచ్చిన కోతులను, రోగుల రక్తమును పరీక్షించి, ఇది లోకమునకు అంతవరకు తెలియని క్రొత్త వైరసని కనుగొనిరి. దానికి ఆ అడవి పేరే పెట్టిరి. అచ్చటి ప్రజలు దానిని 'మంగన కాయిలె' అందురు. కోతిరోగమని దాని యర్థము.

ఈ వైరసు రష్యా దేశపు చలి అడవులలోని ఒక వైరసునకు దగ్గరి చుట్టము. అది పక్షులమీద ఎక్కివచ్చిన పురుగులద్వారా వచ్చెనేమో యని తెలిసికొనుటకై, ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ నాయకత్వమున వలసపక్షుల కాళ్లకు ఉంగరములు తొడిగి పరిశోధించిరి. పక్షులే దానిని తెచ్చినవనుటకు గట్టి సాక్ష్యము దొరకలేదు. వైరసు ఆ అడవిలోనే చిరకాలముగా చిన్న జంతువుల నడుమ మెలగుచుండి యుండునని శాస్త్రజ్ఞులు భావించిరి. అట్లయినచో, అంతవరకు అణగియున్న రోగము ఒక్కసారిగా మనుష్యులమీద పడుటకు కారణమేమి?

దీనిని గ్రహించుటకు పిడుదుల సంగతి తెలియవలెను. పశువుల చెవులలోను పొదుగుమీదను పట్టియుండు ఈ పురుగులను మీరు చూచియుందురు. కొన్నిచోట్ల వీనిని గోమార్లందురు. పిడుదు తన జీవితమున మూడు దశలలో మూడుమార్లు రక్తము త్రాగును. పసితనమున ఎలుకలను, ఉడుతలను, కోతులను ఆశ్రయించును; పెరిగి పెద్దదైన పిమ్మట దానికి పెద్ద జంతువు కావలెను. దట్టమైన అడవిలో పెద్ద జంతువులు కొలదిగానే యుండును. కావున పిడుదులును మితముగానే యుండెను. జనసంఖ్య పెరిగి, అడవి అంచులను నరకి పొలములు చేసి, పశువులను లోపలికి తోలి మేపుట ప్రారంభించిన పిమ్మట పిడుదులకు పండుగ వచ్చినది. ఒక్కొక్క పిడుదు పశువు రక్తము త్రాగి, నేలకు జారి, వేలకొలది గ్రుడ్లు పెట్టెను. పిడుదులు పెరిగినకొలది కోతులకు రోగము అంటెను. కోతి చచ్చినప్పుడు దాని దేహముపై నున్న పిడుదులన్నియు ఆ చోటనే నేలరాలెను. అప్పుడు కట్టెలకును ఎండుటాకులకును అడవికి పోయినవారిని అవి కుట్టెను.

ఇందలి శోచనీయమైన సంగతి యొకటి గమనింపుడు. అడవి నరికిన లాభము ఎవరికి ముట్టినను, రోగము తగిలినది కట్టెలమోపు మోయు కూలివానికిని, పశువులను కాచు బాలునకును. వ్యాధి సోకినవారిలో నూటికి ముగ్గురు మొదలు ఐదుగురివరకు మరణింతురు. దానిని నయము చేయు ప్రత్యేకమైన ఔషధము లేదు. 1980వ దశకపు తొలి సంవత్సరములలో దక్షిణ కన్నడ జిల్లాలో జీడిమామిడి తోటలకై అడవి కొట్టినచోట ఈ వ్యాధి మరల విజృంభించినది. 2012 తరువాత అది కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రములలోని పడమటి కనుమల ప్రాంతములకును వ్యాపించినది.

రాబందులు పోయిన ఊరు

అడవిని నరకుటచే కలిగిన కీడు ఇట్టిది. ఒక్క పక్షిజాతి తరిగినందువలన కలిగిన కీడు మరొకటి.

రామాయణమునందలి జటాయువును మీరందరును ఎరుగుదురు. ఆ పక్షిజాతికి చెందిన రాబందులు ముప్పది నలువది యేండ్ల క్రిందట మన గ్రామములమీద ఆకాశమున తిరుగుచుండెడివి. ఊరి వెలుపల చచ్చిన పశువును పారవైచిన క్షణములలో గుంపుగా దిగి, గంటసేపటిలో ఎముకలు మాత్రమే మిగులునట్లు తినివేసెడివి. రాబందు కడుపులోని ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. కుళ్లిన మాంసములోని అనేక రోగక్రిములు దానిలో నశించును. జీతము లేని పారిశుద్ధ్య సేవకులవలె అవి మనకు తోడ్పడెను.

1990 తరువాత అవి ఉన్నట్లుండి చావజొచ్చెను. 1992 మొదలు 2007 వరకు గడచిన పదునైదేండ్లలో భారతదేశపు తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటిమాత్రమే మిగిలెను. ఇట్టి వేగముతో ఒక పక్షిజాతి తరుగుట అరుదు. కారణము 2004లో బయటపడినది. పశువుల నొప్పులకు డైక్లోఫెనాక్ అను చౌకమందు వాడుచుండిరి. ఆ మందు వేసిన కొలది దినములలో పశువు చచ్చినచో దాని మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చుచుండెను. రైతు చేసిన తప్పు లేదు. తన యెద్దు బాధను తగ్గింపగోరి మందు వేసెను. ఆ మందు ఎంతదూరము పోవునో ఎవరును యోచింపలేదు.

రాబందులు లేక కళేబరములు కుళ్లజొచ్చెను. ఆ మాంసము కుక్కల పాలైనది, ఊరకుక్కలు పెరిగెను. వానితో కుక్కకాట్లును, పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వ్యాధి భయమును పెరిగెను. కుళ్లు నీటివనరులలోనికి చేరెను. రాబందుల లేమివలన 2000 – 2005 సంవత్సరముల మధ్య మన దేశమున సుమారు ఐదు లక్షలమంది అదనముగా మరణించి యుందురని ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో లెక్కకట్టి ప్రకటించిరి.

ఈ కథలో ఊరట కలిగించు భాగమును కలదు. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున డైక్లోఫెనాక్‌ను నిషేధించెను. రాబందులకు హాని చేయని మెలాక్సికాం అను మందు దానికి బదులుగా లభించినది. హర్యానాలోని పింజోరు మొదలగు చోట్ల రాబందులను పెంచి వృద్ధిచేయుచున్నారు. తెలంగాణమున బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై రాబందులు గూళ్లు కట్టుకొనగా, అటవీశాఖవారు వానికి రక్షణ కల్పించిరి. కాని చెడుటకు పదేండ్లు చాలినను, బాగుపడుటకు అనేక దశాబ్దములు పట్టును. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టునని మరువరాదు.

సముద్రము – పాత చీర

నేలమీద జరుగు మార్పులేకాక, సముద్రమున జరుగు మార్పులును మన త్రాగునీటిలోనికి రాగలవు. కలరాక్రిమి మనుష్యుని ప్రేగులలో మాత్రమే యుండునని చాలకాలము తలంచిరి. అది బంగాళాఖాతపు నదీముఖములలోని ఉప్పుకలసిన నీటిలో సహజముగా నివసించునని రీటా కాల్వెల్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును నిరూపించిరి. ఆ నీటిలో తేలియాడు సూక్ష్మమైన మొక్కలను తిని, రొయ్యజాతికి చెందిన అతిచిన్న ప్రాణులు బ్రదుకును. కలరాక్రిములు వేలకొలదిగా ఆ ప్రాణుల ఒంటికి అంటుకొని యుండును. సముద్రపు నీరు వేడెక్కినప్పుడు సూక్ష్మమైన మొక్కలు పెరుగును. వానివెంట ఆ ప్రాణులును, వానితో కలరాక్రిములును పెరుగును. వరదలును, తుపానుల వేళ పొంగు ఉప్పునీరును ఆ క్రిములను చెరువులకును బావులకును చేర్చును.

రోగము నడచు త్రోవ తెలిసినచో, దానిని అడ్డుట తేలిక. బంగ్లాదేశమున కట్టెలకు కరవగుటచే బీదవారు నీరు కాచుకొనలేకుండిరి. క్రిమి ఒంటరిగా కాక, దానికంటె ఎంతో పెద్దదైన ప్రాణికి అంటుకొని యుండును గావున, ఆ ప్రాణిని వడగట్టిన చాలునని శాస్త్రజ్ఞులు యోచించిరి. పాత నూలుచీరను నాలుగు మడతలు పెట్టి కుండమూతికి కట్టి నీరు వడగట్టుకొనుమని పల్లెల స్త్రీలకు నేర్పిరి. ఉతికి ఉతికి నలిగిన పాత గుడ్డలోని పోగులు విచ్చుకొని రంధ్రములను మూయును గావున, క్రొత్తచీర కంటె అదియే మేలైనది. ఈ పద్ధతిని అనుసరించిన గ్రామములలో కలరా సుమారు సగము తగ్గినదని 2003లో ప్రకటించిరి. నీరు కాచుటయే ఉత్తమము. అది సాధ్యము కానిచోట పాతచీర కూడ ప్రాణములను కాపాడినది. మన అవ్వలు బిందెమూతికి గుడ్డకట్టి నీరు పట్టుట నిరర్థకమైన ఆచారము కాదని దీనివలన తెలియుచున్నది.

మన కర్తవ్యము

ఈ నాలుగు వృత్తాంతములను కలిపి చూడుడు. దోమ, పిడుదు, రాబందు, సముద్రపు సూక్ష్మజీవి – ఇవి మన కంటికి అల్పములుగా తోచును. కాని వీనిలో ఒక్కొక్కటియు వేడిమితోను, నీటితోను, చెట్టుతోను, ఇతర జంతువులతోను ముడిపడి యున్నది. ఆ ముడిని తెలియక లాగినప్పుడు రెండవ కొస మన యింటిలో కదలుచున్నది. అందుచేతనే నేటి వైద్యశాస్త్రము మనుష్యుల ఆరోగ్యమును, జంతువుల ఆరోగ్యమును, ప్రకృతి ఆరోగ్యమును వేరువేరుగా చూడరాదని బోధించుచున్నది. మనుష్యుల వైద్యుడు, పశువైద్యుడు, అటవీ ఉద్యోగి, వాతావరణ శాస్త్రజ్ఞుడు ఒకచోట కూర్చుండి యోచింపవలసిన కాలము వచ్చినది. అడవిలో కోతి చచ్చినదని పశువుల కాపరి తెచ్చిన వార్త ఆసుపత్రికి చేరినచో, రోగము ఊరిలోనికి రాకముందే జాగ్రత్తపడవచ్చును.

భూగోళపు వేడిమిని తగ్గించుట దేశములన్నియు కలసి చేయవలసిన పని. కాని విద్యార్థులు చేయదగిన పనులును లేకపోలేదు. దోమ గ్రుడ్డు పెద్దదోమగా మారుటకు వేడి దినములలో ఇంచుమించు ఒక వారము మొదలు పది దినములు పట్టును. కావున వారమునకు ఒక దినము ఇంటిలోని గాబులను, తొట్లను, కుండీలను ఖాళీచేసి, గోడలను గట్టిగా రుద్ది కడిగి, ఎండబెట్టినచో దోమల సంతతి అంతటితో తెగును. గోడలను రుద్దుట ఏల యవసరమో మీకు ఇప్పుడు తెలియును. పాఠశాల ఆవరణలోని పాత టైర్లను, డబ్బాలను తొలగింపుడు. ఊరిలో చెట్టు కొట్టబోవునప్పుడు, చెరువు పూడ్చబోవునప్పుడు, దాని రెండవ కొస ఎచ్చటనున్నదని పెద్దలను వినయముతో అడుగుడు. కుక్క కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనుడు. నాటుమందుల నమ్మి కాలము గడపకుడు.

బేగంపేటలో ఆ ఉక్కపోత దినమున ఒక వైద్యుడును ఒక రోగియు కలసి, దోమ కడుపులో దాగియున్న సత్యమును వెలికి తెచ్చిరి. అప్పటినుండి చలిజ్వరమునకు భయపడుటకు బదులు దాని త్రోవను అడ్డుట మానవునకు సాధ్యమైనది. నేడు ఆ త్రోవలే మారుచున్నవి. వానిని కనిపెట్టి, అడ్డుకట్ట వేయవలసిన భారము మీ తరముమీద నున్నది.

ప్రశ్నలు

1. మలేరియాకు ఆ పేరు ఎట్లు వచ్చినది? రాస్ పరిశోధన మొదట ఏల విఫలమాయెను?
2. "ఇది ఒక పందెము వంటిది" – ఎవరికిని ఎవరికిని పందెము? వేడిమి పెరిగినచో ఎవరు గెలుతురు? ఏల?
3. క్యాసనూరు అడవిలో పిడుదులు పెరుగుటకు కారణములను క్రమముగా వ్రాయుడు.
4. రాబందులు తరుగుటకును కుక్కకాట్లు పెరుగుటకును గల సంబంధమును వివరింపుడు.
5. కలరాను తగ్గించుటకు పాతచీర ఎట్లు ఉపకరించినది?
6. మీ యింటిలోను, పాఠశాలలోను దోమలు పెరుగదగిన తావులను గుర్తించి ఒక పట్టిక తయారుచేయుడు.